సర్వీస్ సెంటర్‌లో ఫైనల్ ఇన్‌స్పెక్టర్ పోస్టు తీసుకోవచ్చా? అనంతపురం నుంచి నా అనుభవం

కడప తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఐటీఐలో రెండేళ్ల మోటార్ మెకానిక్ ట్రేడ్ చేసి, ఒక కార్ల డీలర్‌షిప్ సర్వీస్ సెంటర్‌లో ఐదేళ్లుగా టెక్నీషియన్‌గా ఉన్నాడు. ఇప్పుడు సర్వీస్ మేనేజర్ పిలిచి ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌లోకి రమ్మంటున్నాడు. అంటే సర్వీస్ అయిన బండిని కస్టమర్ చేతికి ఇచ్చే ముందు చివరిసారి చూసి సంతకం పెట్టే పని. అందులోకి పోతే ఇన్సెంటివ్ పోతుంది. పైగా నిన్నటిదాకా కలిసి టీ తాగినవాళ్ల పనికే వంక పెట్టాలి. "తీసుకోమంటావా అన్నా?" అని అడుగుతున్నాడు.

అన్నా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. తీసుకో. కానీ రెండు సంగతులు ముందే తేల్చుకుని తీసుకో.

నేను 2006లో అనంతపురంలో హెల్పర్‌గా చేరాను. పదకొండేళ్లు పానా పట్టుకున్నాక 2017లో ఈ కుర్చీకి వచ్చాను. కుర్చీ అన్నది మాటవరసకే, రోజంతా నిలబడే ఉంటాం. రోజుకు ఇరవై పైచిలుకు బండ్లు నా చేతి మీదుగా గేటు దాటుతాయి.

మొదటిది, నువ్వు ఎవరి కింద ఉంటావో అడుగు. షెడ్‌లో పని నడిపించే ఫ్లోర్ ఇన్‌చార్జి కింద పెడతామంటే ఒప్పుకోకు. ఆయన తప్పేమీ లేదు, ఈరోజు ఎన్ని బండ్లు బయటికి పంపాడన్నదే ఆయన లెక్క. ఆ లెక్క చూసే మనిషి కింద బండిని ఆపే మనిషి ఉంటే, నెల తిరిగేసరికి నువ్వు రబ్బరు స్టాంపువి అవుతావు. నేరుగా సర్వీస్ మేనేజర్‌కే చెప్పుకునేలా ఉండాలి. రెండోది రోడ్ టెస్ట్. ఏయే పనులు చేసిన బండికి రోడ్ టెస్ట్ తప్పనిసరో కాగితం మీద రాయించుకో. బ్రేకు, స్టీరింగ్, సస్పెన్షన్, క్లచ్, గేర్‌బాక్స్ ముట్టుకున్న ఏ బండీ టెస్ట్ కాకుండా పోకూడదు. శబ్దం వస్తోందని కస్టమర్ చెప్పిన బండి కూడా అంతే. "రష్ ఉంది, ఈ ఒక్కటీ వదిలెయ్" అన్న మాట వారానికి పదిసార్లు వింటావు. అప్పుడు చూపించడానికి ఆ కాగితం కావాలి. నీ డ్రైవింగ్ లైసెన్సు గడువు కూడా ఒకసారి చూసుకో. రోడ్డు మీద ఏదైనా జరిగితే స్టీరింగ్ ముందు కూర్చున్నది నువ్వే.

ఇక పని సంగతి. కంపెనీవాళ్లు ఒక చెక్‌లిస్ట్ ఇస్తారు. నలభై యాభై గళ్లుంటాయి, టిక్కులు పెట్టుకుంటూ పోవచ్చు. ఆ లిస్టు మంచిదే, నేను తీసిపారేయను. కానీ ఇన్నేళ్లలో తిరిగొచ్చిన బండ్లను చూస్తే తప్పు దాక్కునేది ఎక్కువగా రెండు చోట్లే. ఒకటి, కస్టమర్ చెప్పిన మాట జాబ్ కార్డులోకి, అంటే బండికి చేయాల్సిన పని రాసే చీటీలోకి, ఎక్కేటప్పుడు మారిపోయిన చోట. రెండోది, పని మధ్యలో తెగిన చోట. చెక్‌లిస్టులో ఈ రెండింటికీ గడి లేదు.

మాట మారడం అంటే ఏంటో చెప్తాను. మన జనం బండి జబ్బును శబ్దంతో చెప్తారు. "గుంతలో పడితే చాలు, లోపల కటకటమంటాదప్పా." "ఎనభై దాటితే గుంయ్ అని మొదలవుతాది." "స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టకటకటక." "బ్రేకు తొక్కితే కీచుమంటాది." ఒక్కొక్క శబ్దం ఒక్కొక్క జాగా చూపిస్తుంది. నెమ్మదిగా పోతూ చిన్న గతుకు ఎక్కినా కటకటమంటే ముందు స్టెబిలైజర్ లింక్ రాడ్ చూడాలి, తర్వాత లోయర్ ఆర్మ్ బుష్, రెండూ సస్పెన్షన్‌లోవే. వేగంతో పాటు పెరిగే గుంయ్ వీల్ బేరింగ్ కావచ్చు, టైరు కావచ్చు. రోడ్డు మారితే, అంటే తారు నుంచి సిమెంటు మీదికి వస్తే శబ్దం మారిందంటే టైరును అనుమానించు. రోడ్డుతో పనిలేకుండా అలాగే ఉండి, కుడికి తిప్పినప్పుడు పెరిగి ఎడమకు తిప్పినప్పుడు తగ్గితే ఎడమ బేరింగ్, ఎందుకంటే బరువంతా అటు పడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటక అంటే డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింట్. ఇంజన్ తిరిగే వేగం, అంటే ఆర్‌పీఎం, ఒక అంకె దగ్గర మాత్రమే బర్రుమని, దాటితే పోతే సైలెన్సర్ మీది హీట్ షీల్డ్ వదులై ఉంటుంది.

ఇంత సంగతి ఆ మనిషి నోట్లో ఉంటుంది. కస్టమర్ మాట విని జాబ్ కార్డు తయారుచేసే సర్వీస్ అడ్వైజర్, పొద్దున తొమ్మిదికి పదిమంది నిలబడి ఉండగా దాన్ని "ఫ్రంట్ నాయిస్ చెక్" అని రెండు మూడు ముక్కల్లో కొడతాడు. కటకట, ఎనభై, గుంత అన్నీ ఎగిరిపోతాయి. టెక్నీషియన్‌కు చేరేది నాయిస్ ఒక్కటే. వాడు ముందు పక్క నట్లన్నీ బిగించి "ఓకే" అంటాడు.

తాడిపత్రి పక్కనుంచి ఒకాయన వచ్చేవాడు. బండల పాలిషింగ్ ఫ్యాక్టరీ. బండి రంగు తెలుపో బూడిదో చెప్పలేనంత రాతిపొడి. బ్రేక్ నాయిస్ అని జాబ్ కార్డు. ముందు ప్యాడ్లు తీసి శుభ్రం చేశారు, నేను మధ్యాహ్నం రెండున్నరకు తోలి చూశాను, చప్పుడు లేదు, సంతకం పెట్టాను. వారానికి మళ్లీ వచ్చాడు. మళ్లీ చూశాం, మళ్లీ లేదు. మూడోసారి ఆయన మొహం చూడలేక పక్కకు తీసుకెళ్లి, "సామీ, మొదట్నుంచి చెప్పు, ఎప్పుడెప్పుడు వస్తాది?" అన్నాను. "పొద్దున్నే ఇంటి ముందర నుంచి రివర్స్ తీస్తా కదప్పా, అప్పుడు ఒక్కసారే కీచుమంటాది. వీధంతా లేస్తాది. తర్వాత రోజంతా ఏం లేదు" అన్నాడు. ఆ మాట మొదటిరోజే అడ్వైజర్‌తో చెప్పాడట. బండిని రాత్రికి మా దగ్గరే పెట్టించుకున్నాను. పొద్దున ఏడింటికి స్టార్ట్ చేసి రివర్స్ వేసి బ్రేకు తొక్కితే చాలు, వెనక డ్రమ్ములు రెండూ కూశాయి. రాతిపొడి షూల మీద పేరుకుని, రాత్రి చెమ్మకు గట్టిపడి, తొలి తొక్కుడుకు అరుస్తోంది. డ్రమ్ములు విప్పి పొడి దులిపి, షూల మీద ఎమెరీ పేపర్ కొట్టి, బ్యాక్ ప్లేటు మీద షూ ఆనే చోట్ల గ్రీజు పెట్టారు. అంతే. మూడు ట్రిప్పుల పని కాదు అది.

అప్పట్నుంచి కంప్లైంట్ ఉన్న ఏ బండికైనా నేను ముందు అడ్వైజర్‌ను అడిగేది ఒకటే: "కస్టమర్ ఏ మాట అన్నాడు, ఆ మాటే చెప్పు." గుర్తులేదంటే కస్టమర్‌కు ఫోన్ చేయిస్తాను. చల్లని ఇంజన్‌తో వచ్చే చప్పుడును వేడి ఇంజన్‌తో వెతకడం, ఐదుగురు ఎక్కితే వచ్చేదాన్ని ఒక్కడినే తోలి లేదనడం, ఇవన్నీ చూశాక ఈ అలవాటు పడింది. ఇప్పుడు మా అడ్వైజర్లలో ఇద్దరు జాబ్ కార్డులో "కటకట, గుంతలో, నలభై లోపు" అని తెలుగులోనే కొడుతున్నారు. మేనేజర్ మొదట నవ్వాడు, రిపీట్లు, అంటే అదే జబ్బుతో తిరిగొచ్చే బండ్లు, తగ్గాక ఊరుకున్నాడు.

రెండోది, పని తెగిన చోటు. దీనికి నా కథే చెప్పాలి.

ఈ పోస్టులోకి వచ్చిన మూడో నెల. దసరా ముందు వారం, సాయంత్రం ఏడు. ఒక బండికి ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చారు. కుటుంబం బెంగళూరు పోవాలి, రిసెప్షన్‌లో పిల్లలతో కూర్చుని ఉన్నారు. చెక్‌లిస్టులో వీల్ నట్ టార్క్, అంటే చక్రం నట్ల బిగింపు కొలత, అన్న గడిలో రెంచ్ పట్టకుండానే టిక్కు పెట్టాను, ఎందుకంటే ఆ టెక్నీషియన్ మా అందరికన్నా సీనియర్, నాకే పని నేర్పినవాడు. రోడ్ టెస్ట్ అని వాష్ నుంచి డెలివరీ దాకా తోలాను. గంట కాకముందే ఫోన్. రాప్తాడు దాటాక స్టీరింగ్ వణికిపోతుంటే బండి ఓనరు బుద్ధిమంతుడు కాబట్టి వెంటనే పక్కకు తీసి ఆపాడు. రెంచ్ వేసుకుని బైకు మీద పోయాను. ఎడమ ముందు చక్రం నట్లు వేళ్లతో తిరుగుతున్నాయి. ఒకటి అసలే లేదు.

ఆయన అరవలేదు. టార్చి పట్టుకుని నిలబడి, "నువ్వు చూసే పంపించినావా?" అన్నాడు. చూశాను సార్ అనబోయి ఆగిపోయాను. "లేదు సార్" అన్నాను. పిల్లలు రోడ్డు పక్క దిమ్మె మీద కూర్చుని మురుకులు తింటున్నారు.

తర్వాత తెలిసింది ఏంటంటే, ఆ సీనియర్ నట్లను చేత్తో పట్టించి, బండి దించాక బిగిద్దామని వదిలాడు. ఆ నిమిషంలోనే పక్క బే నుంచి, అంటే ఇంకో బండి పని జరిగే చోటి నుంచి, గేర్‌బాక్స్ దించడానికి ఒక చెయ్యి కావాలని పిలిచారు. పోయాడు. హెల్పర్ బండి దించి వాషింగ్‌కు తోలేశాడు. పని రానివాడు చేసిన తప్పు కాదు, పని బాగా వచ్చినవాడిని మధ్యలో పిలిచారు. తర్వాతి కేసులు కూడా గుర్తు చేసుకుంటే అంతే. ఆయిల్ పోసి మూత పెట్టబోతుంటే ఫోన్ వచ్చింది, మూత ఇంజన్ మీదే ఉండిపోయింది. కూలెంట్ నింపుతుంటే భోజనానికి పిలిచారు, గాలి తీయడం మరిచారు. పాత ఆయిల్ ఫిల్టర్ విప్పి వెళ్లినవాడు ఒకడు, కొత్తది బిగించినవాడు ఇంకొకడు. పాతదాని రబ్బరు రింగ్ ఇంజన్‌కే అతుక్కుని ఉండగా దానిమీద కొత్తది ఎక్కించారు, ఐదు నిమిషాల్లో నేలంతా ఆయిలే.

అందుకే బండి నా దగ్గరికి రాగానే టెక్నీషియన్‌ను అడుగుతాను, "మధ్యలో ఎక్కడికైనా పోయినావా?" అని. తప్పు పట్టే గొంతుతో కాదు, మామూలుగా. "ఆ అన్నా, ఒక పది నిమిషాలు" అంటే ఎక్కడ ఆగాడో అడిగి అక్కడినుంచి చూస్తాను. ఇప్పుడు మా దగ్గర ఎర్ర ట్యాగులున్నాయి. పని మధ్యలో వదిలి పోయేవాడు స్టీరింగ్‌కు తగిలించి పోవాలి. ట్యాగు ఉన్న బండిని ఎవరూ దించకూడదు, తోలకూడదు. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో బిగించాక పసుపు పెయింట్ పెన్‌తో నట్టు మీదుగా గీత గీస్తారు. చిన్న కార్లకు చాలావాటికి 100 న్యూటన్ మీటర్ల అటూఇటూ ఉంటుంది కానీ, మోడల్ మోడల్‌కు తేడా, మాన్యువల్ చూసే పెట్టు. గాలి గన్‌తో బర్రుమని కొట్టి వదిలేస్తే కొన్ని వదులుగా ఉంటాయి, కొన్ని రోడ్డు మీద పంక్చర్ అయినప్పుడు ఏ తండ్రీ విప్పలేనంత బిగుసుకుంటాయి.

ఒక బండిని నేనెలా చూస్తానో వరసగా చెప్పేదా? డోర్ తీస్తాను, సీటు జరపను, కస్టమర్ ఎత్తు ఎంతో ఆయన సీటే చెప్తుంది. స్టార్ట్ చేయకముందే బ్రేకు మీద కాలు పెడతాను. ప్యాడ్లు మార్చిన బండిలో, ఆ ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి. మొదటి రెండు మూడు తొక్కుళ్లకు పెడల్ నేల దాకా పోతుంది. టెక్నీషియన్ పంపు చేయకుండా వదిలి ఉంటే, నువ్వు గేరు వేసి కదిలాక బ్రేకు లేదని తెలుస్తుంది, ఎదురుగా గోడ ఉంటుంది. ఈ ఒక్క అలవాటు ఈరోజే మొదలుపెట్టు. తర్వాత తాళం తిప్పి ఆగుతాను. హెచ్చరిక లైట్లన్నీ వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే సరే, అందరూ చూస్తారు. అసలు వెలగనే వెలగని లైటును ఎవరూ చూడరు. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగలేదంటే అది మంచి వార్త కాదు.

బానెట్ కింద డిప్‌స్టిక్, ఆయిల్ మూత, కూలెంట్ మూత, ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు, బ్యాటరీ టెర్మినల్స్ చేత్తో పట్టి ఊపి చూడటం. మరిచిపోయిన గుడ్డ ముక్కలు, పానాలు. ఒకసారి బ్యాటరీ పక్కన ఎవరిదో ఫోన్ దొరికింది, అది వేరే కథ.

ఆపైన రోడ్డు. మాకు హైవే దగ్గరే కాబట్టి మూడు నాలుగు కిలోమీటర్ల దారి ఒకటి పెట్టుకున్నాను. అందులో స్పీడ్ బ్రేకరు, నేను పూడ్చవద్దని మొక్కుకునే గుంత ఒకటి, యూ టర్ను, కిలోమీటరు తిన్నని రోడ్డు ఉన్నాయి. రోజూ ఒకే దారి తోలితేనే బండి తేడా తెలుస్తుంది. తిన్నని చోట స్టీరింగ్ మీద చేతులు తేలిక చేసి ఎటు లాగుతుందో చూస్తాను. రోడ్డు ఎడమకు వాలు ఉంటుంది కాబట్టి కొంచెం ఎడమకు పోవడం సహజం, అలైన్‌మెంట్ తప్పని కంగారు పడకు. వెనకెవరూ లేనప్పుడు నలభై నుంచి గట్టిగా ఒక బ్రేకు. ఆడియో బంద్, ఏసీ మొదట బంద్, తర్వాత ఫుల్. తిరిగొచ్చాక మోకాళ్ల మీద కూర్చుని టార్చితో కింద చూస్తాను. డ్రెయిన్ బోల్టు, ఫిల్టర్ దగ్గర చెమ్మ ఉంటే బండి వేడిగా ఉన్నప్పుడే బయటపడుతుంది. ఎడమ పక్క నుంచి తేట నీళ్లు కారుతుంటే అది ఏసీ నీళ్లే. కారకపోతేనే అనుమానించాలి, డ్రెయిన్ పైపు మూసుకుంటే ఆ నీళ్లు లోపల కార్పెట్ మీదికి వస్తాయి.

ఇదంతా పన్నెండు నిమిషాల పని. వాష్ అయ్యాక ఇంకో నిమిషం. డ్రైవర్ పక్క మ్యాట్ క్లిప్పుకు తగిలించారా, ఒకదానిమీద ఒకటి రెండు మ్యాట్లు వేసి యాక్సిలరేటర్ కిందికి నెట్టారా చూడాలి. చిన్నదే, ప్రాణం మీదికి తెస్తుంది. బ్యాటరీ విప్పి ఉంటే గడియారం సరిచేయాలి, కిటికీ ఆటో బటన్ పనిచేస్తుందో చూడాలి. కస్టమర్ ఇంజన్ చూడడు, గడియారం పన్నెండు చూపిస్తే మాత్రం "ఏం సర్వీస్ చేసినారో" అంటాడు.

మన సీమ బండ్లకు కొన్ని సొంత జబ్బులున్నాయి, కంపెనీ చెక్‌లిస్టు రాసినవాడికి తెలియనివి. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన, మిగతా కాలం దుమ్మే. కిలోమీటర్లు కాకపోయినా ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడాల్సిందే. శెనక్కాయల కాలంలో ఇంకో ముచ్చట. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే లోపల శెనక్కాయ పొట్టు, కాసిని గింజలు, గుడ్డపీలికలు. ఎలుక కాపురం పెట్టింది. నవ్వుకుని దులిపేస్తే సరిపోదు. ఎలుక ఉన్న చోట వైరు కొరికి ఉంటుంది. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో ఏ తప్పు కోడ్ లేకపోయినా వైరింగ్ వెంట టార్చి వేసి చివరిదాకా చూడు. సగం తెగిన వైరు ఈరోజు పనిచేస్తుంది, ఎల్లుండి గుత్తి దగ్గర ఆగిపోతుంది.

నీది కడప కాబట్టి గువ్వలచెరువు ఘాట్ గురించి ఒక మాట. రాయచోటి వైపు పోయొచ్చేవాళ్లకు నిండా లోడుతో ఘాట్ దిగే పని ఉంటుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు, చెమ్మ పట్టాక దాని ప్రమాణం 155 డిగ్రీలే. ఆగకుండా బ్రేకు మీదే దిగితే ఆ వేడి రావడం ఎంతసేపు? ఫ్లూయిడ్ మరిగితే పైపుల్లో బుడగలు పడి పెడల్ స్పాంజిలా మెత్తగా పోతుంది. ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో రికార్డులో చూసి, రెండేళ్లు దాటితే అడ్వైజర్‌కు చెప్పు. అమ్మకం కోసం కాదు, ఆ మనిషి గువ్వలచెరువు పాలకోవ తిని ఇల్లు చేరాలి కదా.

ఇప్పుడు నీ అసలు భయం, తోటివాళ్లు. మొదటి రెండు నెలలు కష్టమే, దాచను. "నిన్నమొన్నటిదాకా మాతో తిరిగినోడు, ఇప్పుడు ఆఫీసరు" అంటారు. నేను పాటించేవి చెప్తాను. తప్పు కనిపిస్తే ముందు ఆ మనిషి దగ్గరికే పోతాను, ఫ్లోర్ ఇన్‌చార్జి దగ్గరికి కాదు. "నువ్వు ఇది చేయలేదు" అనను, "ఇది చూడు" అని చెయ్యి పట్టి చూపిస్తాను. కస్టమర్ కనుచూపు మేరలో ఒక్క మాట మాట్లాడను. ప్రాణాల మీదికి వచ్చేదైతే మాత్రం రిజిస్టర్‌లో రాస్తాను, ఎవరైనా సరే. ఇది ముందే అందరికీ చెప్పి ఉంచాను కాబట్టి రాసినప్పుడు కోపం వచ్చినా మోసం అనుకోరు.

ఇంకోటి, ఒకే తప్పు ముగ్గురు మనుషులు చేస్తున్నారంటే మనుషులను వదిలి పనిముట్లను చూడు. మా దగ్గర టార్క్ పట్టడం ఎగ్గొడుతున్నారని నేను ఆరు నెలలు అరిచాను. చివరికి చూస్తే ఆరు బేలకు ఒక్కటే టార్క్ రెంచ్. అది అవతలి మూల తాళంలో, తాళంచెవి స్టోర్‌లో. అంత దూరం నడిచేదెవరు? ఇంకో రెంచ్ తెప్పించి మధ్య స్తంభానికి తగిలించాక నా గొంతుకు పని తగ్గింది. ఆరోజు వాళ్లకు అర్థమైంది, నేను వాళ్ల మీదే కాదు, వాళ్ల కోసం కూడా మాట్లాడతానని.

సర్వీస్ అడ్వైజర్లతో గొడవ వేరు, అది సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర మధ్య రోజూ ఉంటుంది. వాళ్లు ఆరింటికి డెలివరీ అని మాటిచ్చేసి ఉంటారు. నువ్వు బండిని వెనక్కి పంపితే కస్టమర్ మొహం చూడాల్సింది వాళ్లు. అందుకని వెనక్కి పంపిన బండి కస్టమర్‌కు నేనే పోయి చెప్తాను. "సార్, ఎడమ వెనక చక్రం దగ్గర చిన్న చెమ్మ కనిపించింది, విప్పి చూసి ఇస్తాం, ఇంకో అరగంట" అంటే ఇన్నేళ్లలో గట్టిగా అరిచినవాళ్లు నలుగురైదుగురే. కారణం చెప్పకుండా కూర్చోబెడితేనే మండుతుంది. అడ్వైజర్లు కూడా ఆ తర్వాత మెత్తబడ్డారు.

డబ్బు సంగతి. ఇన్సెంటివ్ పోవడం నిజం, మొదటి ఏడాది ఇంట్లో తెలుస్తుంది. జీతంలో ఎంత కలుపుతారో నోటిమాట కాకుండా కాగితంలో అడుగు. వర్క్‌షాప్ మొత్తం ఇన్సెంటివ్‌లో వాటా ఇస్తామంటే ఆలోచించు. కానీ అది బండ్ల సంఖ్య మీద కాకుండా, రిపీట్లు తగ్గిన లెక్క మీద ఉండాలని బేరమాడు. బండ్ల లెక్క మీద తీసుకుంటే నీ సంతకానికి నువ్వే ధర కట్టుకున్నట్టు.

ముందు దారి ఉందా అంటే ఉంది. ఈ పనిలో అన్ని మోడళ్లూ, అన్ని జబ్బులూ నీ చేతికి వస్తాయి. ఒక్క బేలో నిలబడితే అది రాదు. వారంటీ సెక్షన్, ఫ్లోర్ ఇన్‌చార్జి, ట్రైనింగ్ వైపు ఇక్కడినుంచే పోతారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో మొదలైనప్పటి నుంచి మా వైపు పిల్లలు క్వాలిటీ అంటే అదే అనుకుంటున్నారు. ఆ పని వేరు. అక్కడ లైను మీద కొత్త బండి, నీకు అప్పగించిన చోటు మాత్రమే చూస్తావు. మన దగ్గరికి వచ్చేది లక్ష కిలోమీటర్లు తిరిగి, బయట మెకానిక్ నాలుగుసార్లు విప్పిన బండి. రెండింటికీ కన్ను వేరు, ఒకటి తక్కువా ఒకటి ఎక్కువా కాదు.

కొత్తవి నేర్చుకోవాలి, తప్పదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6, అంటే పొగ మీద కొత్త నిబంధనలకు సరిపోయే, బండ్లే అమ్ముతున్నారు. డీజిల్ వాటిలో పొగమసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. రోజూ ఇంటినుంచి బడికి, బడినుంచి ఇంటికి మాత్రమే తిరిగే బండిలో అది కాలే అంత వేడి రాక నిండిపోతుంది. అలాంటి బండిని లైటు ఆర్పి ఇవ్వడం కాదు, స్కానర్‌లో మసి ఎంత ఉందో చూసి, హైవే మీద ఎలా నడపాలో చెప్పి పంపాలి. కరెంటు బండ్లలో నారింజ రంగు కేబుళ్లున్న చోట ట్రైనింగ్ లేకుండా చెయ్యి పెట్టకు, ఎవరు పురమాయించినా సరే. ఆ బండ్లలో ఇంజన్ చప్పుడు ఉండదు కాబట్టి పెట్రోల్ కారులో వినిపించని ప్రతి కిర్రూ వినిపిస్తుంది, నీకు పని పెరుగుతుంది.

నచ్చనివి కూడా చెప్పాలి కదా. మేలో 42 డిగ్రీల ఎండలో నిలబెట్టిన బండిలో ఏసీ పనిచేస్తుందో లేదో చూడాల్సింది మొదట నువ్వే. బాగున్న బండి గురించి నీకెవరూ ఫోన్ చేయరు. సర్వీస్ అయిన రెండు మూడు రోజులకు కస్టమర్‌కు పోయే ఫీడ్‌బ్యాక్ కాల్‌లో ఏ కంప్లైంట్ వచ్చినా మొదట చూసేది జాబ్ కార్డు కింద సంతకం ఎవరిదని. కొన్నాళ్లు రాత్రి నిద్రలో కూడా నట్లు బిగిస్తావు. నేనైతే రాప్తాడు తర్వాత దాదాపు ఏడాది, పడుకున్నాక లేచి షెడ్‌కు ఫోన్ చేసి "ఆ తెల్ల బండి ట్యాగు తీసినారా?" అని వాచ్‌మన్‌ను అడిగేవాణ్ని. ఆయన పాపం ఓపికగా పోయి చూసొచ్చేవాడు.

మొదటి వారంలో ఏ బండినీ ఆపకపోయినా పర్లేదు, చూడు. ఏ బేలో పని ఎన్నిసార్లు తెగుతోంది, ఏ అడ్వైజర్ జాబ్ కార్డులో కస్టమర్ మాట ఎంత మిగులుతోంది, చిన్న నోటుబుక్కులో రాసుకో. ఆపకపోయినా పర్లేదన్నది బ్రేకు, చక్రం తప్ప మిగతావాటికే. ఆ రెండూ మొదటిరోజు మొదటి బండి నుంచే నీవి. చేరే ముందు ఒకసారి మీ వర్క్‌షాప్ టార్క్ రెంచ్ మీద ఉన్న కాలిబ్రేషన్, అంటే కొలత సరిచూసిన, స్టిక్కర్ తేదీ చూసిరా. గడువు దాటిపోయి ఉంటే, మేనేజర్‌ను అడగాల్సిన మొదటి సంగతి జీతం కాదు, అదే.